చెంప దగ్గర మొదలయ్యే లెక్క: క్లే షూటింగ్‌కి సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్ ఎంచుకోవడం, అమర్చుకోవడం

క్లే షూటింగ్ (గాలిలోకి విసిరిన చిన్న పళ్లేలని, అంటే క్లేలని, కాల్చే ఆట) కోసం సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్, అంటే ఒకసారి కాల్చగానే తర్వాతి కార్ట్రిడ్జ్ తనంతట తానే ఎక్కే తుపాకీ, కొనాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది దాదాపు ఒకటే ప్రశ్న: గ్యాస్ మంచిదా, ఇనర్షియా మంచిదా? ఆ తర్వాత బ్యారెల్ పొడవు, చోక్‌లు (గుళ్లు ఎంత పరుచుకోవాలో నిర్ణయించే, బ్యారెల్ మూతి దగ్గరి ఇరుకు), ఏ మోడల్ జామ్ కాదు అంటూ మాట సాగుతుంది. స్టాక్, అంటే భుజానికీ చెంపకీ ఆనే వెనకభాగం, తన ఒంటికి సరిపోతుందా అని అడిగేవాళ్లు చాలా తక్కువ. పగలకుండా ఎగిరిపోయే క్లేలలో చాలావాటికి కారణం మాత్రం ఆ స్టాక్ దగ్గరే దొరుకుతుంది. సెమీ ఆటోలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఇందులో లోపలి యంత్రమూ బయటి కొలతలూ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. స్టాక్‌లో చేసిన మార్పు తుపాకీ పనిచేసే తీరును మార్చేయగలదు. లోపలి యంత్రం స్టాక్‌ని ఎంతవరకు మార్చవచ్చో నిర్ణయిస్తుంది. అందుకే ఎంపికనూ అమరికనూ విడివిడిగా కాకుండా కలిపి చూడాలి.

అసలు అమరికకి ఇంత విలువ ఎందుకు? రైఫిల్‌కి ముందొక సైట్, వెనకొక సైట్ ఉంటాయి. రెండూ కలిపి గురి చూస్తాం. షాట్‌గన్‌కి బ్యారెల్ చివర చిన్న పూస మాత్రమే ఉంటుంది. వెనక సైట్ పని చేసేది షూటర్ కన్ను. స్టాక్ మీద చెంప ఆనిన చోటును బట్టి కన్ను ఎక్కడుంటుందో తేలుతుంది. రైఫిల్‌లో వెనక సైట్ ఒక మిల్లీమీటరు పక్కకి జరిగితే గుండు ఎంత దూరం తప్పుతుందో తెలిసినవాళ్లకి, కన్ను 5 మిల్లీమీటర్లు పక్కకి ఉంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. పైగా ఇక్కడ గురి చూసుకునే వ్యవధి ఉండదు. 110 మిల్లీమీటర్ల వెడల్పు, సుమారు 105 గ్రాముల బరువున్న పళ్లెం గాలిలో దూసుకుపోతుంటుంది. చూపు దాని మీదే ఉండాలి. ఆ క్షణంలో పూస వైపు చూస్తే చేతులు ఆగిపోతాయి, గుళ్లు క్లే వెనకాల పోతాయి. కాబట్టి చూడకుండానే తుపాకీ చూపు వెంట వెళ్లాలి. ఫిట్ అంటే ఇదే.

లోపల ఏం జరుగుతుంది

గ్యాస్ పద్ధతి అర్థం చేసుకోవడం తేలిక. కార్ట్రిడ్జ్ పేలగానే బ్యారెల్‌కి ఉన్న చిన్న రంధ్రాల గుండా కొంత గ్యాస్ కిందికి దిగి పిస్టన్‌ని వెనక్కి నెడుతుంది. పిస్టన్ బోల్ట్‌ని (ఛాంబర్‌ని, అంటే కార్ట్రిడ్జ్ కూర్చునే గదిని, మూసే దిమ్మని) తోస్తుంది, ఖాళీ తొడుగు పక్కకి ఎగిరిపోతుంది. స్ప్రింగ్ బోల్ట్‌ని మళ్లీ ముందుకి తెస్తూ కొత్త కార్ట్రిడ్జ్‌ని ఛాంబర్‌లోకి ఎక్కిస్తుంది. 1963లో వచ్చిన రెమింగ్టన్ 1100 ఈ పద్ధతిని క్లే మైదానాల్లో బాగా స్థిరపరిచింది. దీంట్లో ఉన్న సుఖం భుజానికి తెలుస్తుంది. తుపాకీ తన్నే మొత్తం బలం ఏమీ మాయమైపోదు. బోల్ట్ కదలిక వల్ల అది కాస్త ఎక్కువసేపటికి పరుచుకుంటుంది. ఒక్కసారి గట్టిగా గుద్దినట్టు కాకుండా తోసినట్టు ఉంటుంది.

ఇనర్షియా పద్ధతిని ఇటలీకి చెందిన బ్రూనో చివోలానీ 1960లలో రూపొందించాడు. బెనెల్లీ తుపాకులకి పేరు తెచ్చింది ఇదే. బస్సు ఒక్కసారిగా ముందుకి దూకితే నిలబడ్డవాళ్లు వెనక్కి తూలతారు కదా, ఇందులో జరిగేది దానికి తిరగేసిన పని. పేలగానే తుపాకీ మొత్తం వెనక్కి దూకుతుంది, బరువైన బోల్ట్ బాడీ మాత్రం ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది. ఆ రెండింటి మధ్యలో బోల్ట్ తలకీ బాడీకీ నడుమ ఉన్న గట్టి చిన్న స్ప్రింగ్ నొక్కుకుపోతుంది. మరుక్షణంలో అది విచ్చుకుని బాడీని వెనక్కి విసురుతుంది. బోల్ట్ తల తిరిగి తాళం తెరుచుకుంటుంది, తొడుగు బయటపడుతుంది. గ్యాస్ లోపలి భాగాల్లోకి రాదు కాబట్టి మసి తక్కువ, శుభ్రం చేయడం తేలిక, ముందుభాగం సన్నగా, తేలిగ్గా ఉంటుంది. కానీ ఇదంతా జరగాలంటే తుపాకీ వెనక్కి కదిలి తీరాలి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఫిట్టింగ్ దగ్గర మళ్లీ దీనితో పనుంది.

ఇనర్షియా తుపాకీ వాడేవాళ్లకి ఇంకో అలవాటు ఉండాలి. బోల్ట్‌ని చేత్తో పట్టుకుని మెల్లగా ముందుకి జారవిడవకూడదు. అలా చేస్తే బోల్ట్ తల పూర్తిగా తిరగక తాళం పడదు. క్లే వచ్చాక ట్రిగ్గర్ నొక్కితే ‘టిక్’ మంటుందే తప్ప పేలదు. దాన్ని వదిలేసి పూర్తి స్ప్రింగ్ బలంతో మూసుకోనివ్వాలి.

తన్ను సంగతి కూడా అంకెల్లో చూద్దాం. 28 గ్రాముల గుళ్లు సెకనుకు 400 మీటర్ల వేగంతో బయటికి వెళ్తే, గుళ్ల వరకే లెక్కేసినా, 3.5 కిలోల తుపాకీకి సుమారు 18 జూళ్ల ఎదురు శక్తి వస్తుంది. అదే కార్ట్రిడ్జ్‌ని 3 కిలోల తుపాకీలో పేలిస్తే సుమారు 21 జూళ్లు. అదే 3.5 కిలోల తుపాకీలో 24 గ్రాముల కార్ట్రిడ్జ్ వాడితే 13 జూళ్లే. కార్ట్రిడ్జ్ మార్చడం వల్ల వచ్చిన తేడా అర కిలో బరువు తెచ్చిన తేడా కంటే ఎక్కువని గమనించండి. రోజుకి వంద క్లేలు కాల్చేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. భుజం నొప్పి పుట్టాక కళ్లు ముందే మూసుకోవడం, ట్రిగ్గర్‌ని గుంజడం మొదలవుతాయి. ఆ అలవాటు పోగొట్టుకోవడానికి నెలలు పడుతుంది. గ్యాస్ తుపాకీ, తేలిక కార్ట్రిడ్జ్ ఈ జంట కొత్తవాళ్లకి మంచి ఆరంభం అని నా అభిప్రాయం. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. మీరు రోజూ కాల్చబోయే కార్ట్రిడ్జ్‌తోనే తుపాకీ సాఫీగా నడుస్తోందో లేదో కొనేముందే చూసుకోవాలి. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐఎస్ఎస్ఎఫ్ పోటీల్లో గుళ్ల బరువు 24 గ్రాములకి మించకూడదు. అంత తేలిక కార్ట్రిడ్జ్‌ని కొన్ని తుపాకులు తిరస్కరిస్తాయి, ముఖ్యంగా 89 మిల్లీమీటర్ల ఛాంబర్‌తో బరువైన వేట కార్ట్రిడ్జ్‌ల కోసం చేసినవి. క్లేకి 70 లేదా 76 మిల్లీమీటర్ల ఛాంబర్ చాలు.

ఎవరికి సెమీ ఆటో, ఎవరికి కాదు

పైనొకటి కిందొకటిగా రెండు బ్యారెల్‌లుండే ఓవర్ అండర్ తుపాకీ పక్కన పెట్టి చూస్తే సెమీ ఆటో లోటు ఒకటి వెంటనే కనిపిస్తుంది. ఒకటే బ్యారెల్, కాబట్టి ఒకటే చోక్. దగ్గర్లో ఒక క్లే, దూరంగా ఇంకో క్లే వచ్చే జోడీల్లో రెండు వేర్వేరు చోక్‌లు వాడుకునే వీలుండదు. దీనికి బదులుగా వచ్చే లాభం కూడా ఒకటే బ్యారెల్‌లోనే ఉంది. రెండో గుండు కూడా మొదటిది వెళ్లిన చోటికే వెళ్తుంది. రెండు బ్యారెల్‌లు ఒకే చోట కలుస్తాయా లేదా అన్న అనుమానానికి తావే లేదు.

ఖాళీ తొడుగులు కుడివైపుకి ఎగురుతాయి. ట్రాప్ (ముందుకి దూరంగా ఎగిరిపోయే క్లేలని వరుసగా నిలబడి కాల్చే ఆట) వరుసలో కుడిపక్కన నిలబడ్డ మనిషికి అవి తగులుతాయి. చిన్న షెల్ క్యాచర్ బిగిస్తే ఆ ఇబ్బంది ఉండదు, దాన్ని మర్యాదగా భావించి పెట్టుకోండి. ఎడమచేతి వాటం షూటర్‌కైతే ఆ తొడుగులు ముఖం ముందు నుంచే పోతాయి. ఎడమచేతికి తయారైన మోడల్ దొరికితే అదే మేలు.

భద్రత విషయంలో ఓవర్ అండర్‌కి ఒక సౌలభ్యం ఉంది. మడిచి పట్టుకుంటే అది ఖాళీగా ఉందని దూరం నుంచే అందరికీ తెలుస్తుంది. సెమీ ఆటోలో అలా తెలియదు. బోల్ట్ వెనక్కి లాక్ చేసి, ఛాంబర్‌లో రంగు జెండా పెట్టి, మూతిని పైకో కిందకో ఉంచి నడవాలి. కాల్చే స్థానానికి వెళ్లేవరకు ఒక్క కార్ట్రిడ్జ్ కూడా ఎక్కించకూడదు. ఇందులో సడలింపు లేదు.

బ్యారెల్ పొడవు దగ్గర చాలామంది పొరబడతారు. బోల్ట్ వెనక్కి పోవడానికి చోటు కావాలి కాబట్టి సెమీ ఆటో రిసీవర్, అంటే బోల్ట్ కదిలే మధ్యభాగం, పొడుగ్గా ఉంటుంది. అందువల్ల 71 సెంటీమీటర్ల బ్యారెల్ ఉన్న సెమీ ఆటో, మొత్తం పొడవులో 76 సెంటీమీటర్ల బ్యారెల్ ఉన్న ఓవర్ అండర్‌కి దీటుగా, కొన్నిసార్లు ఇంకాస్త పొడుగ్గా కూడా ఉంటుంది. ఓవర్ అండర్‌లో 76 అలవాటైనవాళ్లు ఇక్కడ 71 తీసుకున్నా ఏమీ నష్టపోరు. పొట్టిగా ఉండేవాళ్లకి 76 సెంటీమీటర్ల సెమీ ఆటో చేతిలో బరువుగా ముందుకి వాలిపోతున్నట్టు ఉంటుంది.

చోక్ గురించి ఎక్కువ తల బద్దలుకొట్టుకోకండి. సంప్రదాయ లెక్క ప్రకారం 36.5 మీటర్ల దూరంలో, 76 సెంటీమీటర్ల వలయంలో పడే గుళ్ల శాతాన్ని బట్టి వీటికి పేర్లు పెట్టారు: ఇంప్రూవ్డ్ సిలిండర్ అయితే 50, మాడిఫైడ్ 60, ఫుల్ 70 శాతం. స్కీట్‌లో (రెండు పక్కల నుంచి అడ్డంగా ఎగిరే క్లేలని కాల్చే ఆట) క్లేలు 20 మీటర్లలోపే పగులుతాయి కాబట్టి స్కీట్ చోక్, ట్రాప్‌కి మాడిఫైడ్ నుంచి ఫుల్ మధ్య. క్లేలు రకరకాల దిశల్లో, దూరాల్లో వచ్చే స్పోర్టింగ్ క్లేస్‌కి ఇంప్రూవ్డ్ సిలిండర్ పెట్టుకుని రోజంతా దాన్ని మార్చకుండా కాల్చండి.

కొలతలు

ఇక అసలు పనికి వద్దాం. దీనికి ముందు ఒక షరతు ఉంది. మౌంట్, అంటే తుపాకీని చెంపకీ భుజానికీ తెచ్చుకునే కదలిక, ప్రతిసారీ ఒకేలా ఉండాలి. ఒక్కోసారి ఒక్కోలా పెట్టుకునేవాళ్లకి ఏ కొలతా సరిపోదు. ఛాంబర్, మ్యాగజైన్ (మిగతా కార్ట్రిడ్జ్‌లు ఉండే గొట్టం) రెండూ కళ్లతో చూసి, వేలితో తడిమి ఖాళీ అని నిర్ధారించుకున్న తుపాకీతో అద్దం ముందు రోజూ పది నిమిషాలు సాధన చేయండి. అద్దంలో మీ కన్ను మీదకే గురి పెట్టి, కళ్లు మూసుకుని తుపాకీ ఎత్తి, చెంప ఆనాక కళ్లు తెరవండి. బ్యారెల్ పైన కనుపాప సరిగ్గా మధ్యలో కనిపించాలి. ప్రతిసారీ అక్కడే కనిపిస్తేనే కొలతలు తీయడంలో అర్థం ఉంది.

దీనికంటే ముందే ఏ కన్ను ఆధిపత్యం చేస్తోందో చూసుకోవాలి. రెండు అరచేతులతో చిన్న సందు చేసి, రెండు కళ్లూ తెరిచి దూరంగా ఉన్న ఒక వస్తువుని అందులోంచి చూడండి. ఒక్కో కన్ను మూసి చూస్తే, ఏది తెరిచినప్పుడు వస్తువు సందులోనే ఉందో అదే ప్రధానమైన కన్ను. కుడిభుజం మీద పెట్టుకుని కాల్చేవాళ్లకి ఎడమకన్ను ప్రధానమైతే, ఎంత గొప్ప స్టాక్ అయినా గుళ్లు పక్కకే పోతాయి. అప్పుడు కళ్లజోడు ఎడమ అద్దం మీద చిన్న టేప్ ముక్క అంటించడమో, భుజం మార్చుకోవడమో చేయాలి.

స్టాక్ కొలతల్లో మొదటిది పొడవు, అంటే ట్రిగ్గర్ నుంచి బట్ (భుజానికి ఆనే స్టాక్ వెనక కొన) చివరివరకు ఉన్న దూరం. చాలా తుపాకులు సుమారు 36 నుంచి 37 సెంటీమీటర్లతో వస్తాయి. మోచేతి మడతలో బట్ పెట్టి వేలు ట్రిగ్గర్‌కి అందుతుందా అని చూసే పాత పద్ధతిని నేను నమ్మను. మెడ పొడవు, భుజాల వెడల్పు, వేసుకున్న దుస్తుల మందం దానికి తెలియవు. మౌంట్ చేసిన స్థితిలో బొటనవేలి మొదలుకీ ముక్కుకీ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలన్నది మెరుగైన గుర్తు. పొడవు ఎక్కువైతే బట్ చంక దగ్గర బట్టలకి తట్టుకుంటుంది. తక్కువైతే బొటనవేలు ముక్కుకి గుద్దుకుంటుంది. రబ్బరు ప్యాడ్ కింద స్పేసర్‌లు చేర్చో తీసో దీన్ని సరిచేయవచ్చు.

రెండోది డ్రాప్. బ్యారెల్ పైన ఉండే రిబ్ నుంచి ఒక గీత వెనక్కి గీస్తే, చెంప ఆనే కోమ్ ఆ గీతకి ఎంత కిందుందో, బట్ పైకొన అయిన హీల్ ఎంత కిందుందో చెప్పే కొలత. మామూలుగా వచ్చేవి కోమ్ దగ్గర సుమారు 38, హీల్ దగ్గర 55 నుంచి 60 మిల్లీమీటర్లు. కోమ్ ఎత్తుగా ఉంటే గుళ్లు పైకి పోతాయి, పల్లంగా ఉంటే కిందికి. ఎత్తు తక్కువైనప్పుడు ఇంకో చెడ్డ పని జరుగుతుంది. రిసీవరే అడ్డొచ్చి క్లే కనిపించక షూటర్ తల పైకి ఎత్తేస్తాడు. చెంప లేచిన క్షణంలో వెనక సైట్ తప్పిపోయినట్టే.

మూడోది కాస్ట్, అంటే స్టాక్ నిటారుగా కాకుండా పక్కకి ఎంత వంగి ఉందో. కుడిచేతి షూటర్‌కి స్టాక్ కొద్దిగా కుడికి వంగితే కన్ను రిబ్ మధ్యకి వస్తుంది. వంపు చాలకపోతే కన్ను రిబ్‌కి ఎడమన నిలుస్తుంది, గుళ్లు కూడా ఎడమకే పోతాయి. నాలుగోది పిచ్, బట్ ముఖం కోణం. దాని కిందికొన ఛాతీలో గుచ్చుకుంటుంటే, లేదా కాల్చిన ప్రతిసారీ చెంప కమిలిపోతుంటే ముందు దీన్ని అనుమానించండి. ఛాతీ నిండుగా ఉండేవాళ్లకి, ముఖ్యంగా చాలామంది మహిళలకి, తుపాకీ బాధపెట్టడానికి కారణం తన్ను కంటే ఈ కోణమే. ప్యాడ్ కింద వాలుగా ఉండే స్పేసర్ పెడితే తేడా వెంటనే తెలుస్తుంది.

పలక ముందు

కంటికి కనిపించే రుజువు ప్యాటర్న్ ప్లేట్ మీద దొరుకుతుంది. తెల్లరంగు పూసిన పెద్ద ఇనుప పలక, మధ్యలో ఒక గుర్తు. 16 మీటర్ల దూరంలో నిలబడి, గుర్తు మీదే చూపు ఉంచి, తుపాకీ ఎత్తిన వెంటనే కాల్చాలి. గురి చూసుకోకూడదు, సరిచేసుకోకూడదు. ఇలా ఐదారుసార్లు కాల్చి, గుళ్ల గుంపు మధ్యభాగం గుర్తుకి ఎక్కడుందో చూడాలి. బిగుతైన చోక్ వాడితే మధ్యభాగం స్పష్టంగా తెలుస్తుంది.

దూరం 16 మీటర్లే ఎందుకు? కంటి నుంచి బ్యారెల్ మూతికి దాదాపు ఒక మీటరు. అంటే పలక మీద కనిపించే తప్పు, చెంప దగ్గరి తప్పుకి 16 రెట్లు. పలక మీద 16 మిల్లీమీటర్లు తప్పితే చెంప దగ్గర 1 మిల్లీమీటరు సవరించాలి. ఉదాహరణకి కుడిచేతి షూటర్ గుళ్లు గుర్తుకి 8 సెంటీమీటర్లు ఎడమకి, 10 సెంటీమీటర్లు కిందికి పడ్డాయనుకోండి. 80ని 16తో భాగిస్తే 5. కన్ను 5 మిల్లీమీటర్లు కుడికి రావాలి. 100ని 16తో భాగిస్తే సుమారు 6. కన్ను 6 మిల్లీమీటర్లు పైకి రావాలి.

ఈ సవరణ కోసం చాలా సెమీ ఆటోలతో పాటు షిమ్‌లు వస్తాయి. రిసీవర్‌కీ స్టాక్‌కీ మధ్య ఇరికించే పలచని పలకలివి, ఒక పక్క మందంగా, ఇంకో పక్క సన్నగా ఉంటాయి. ఒకటి తీసి ఇంకోటి పెడితే స్టాక్ మొత్తం కొద్దిగా పైకో కిందికో పక్కకో తిరుగుతుంది. తయారీదారుల పట్టికల్లో రాసి ఉండే డ్రాప్ సాధారణంగా హీల్ దగ్గరి కొలత. మనకి కావలసింది చెంప దగ్గరి మార్పు. స్టాక్ కదిలేది రిసీవర్ దగ్గరి మూల నుంచి కాబట్టి, ఆ మూలకి దగ్గరగా ఉన్న చెంప దగ్గర మార్పు, హీల్ దగ్గరి మార్పులో సగానికి కాస్త పైన ఉంటుంది. అంటే చెంప 6 మిల్లీమీటర్లు పైకి రావాలంటే హీల్ దగ్గర సుమారు 10 మిల్లీమీటర్ల తేడా ఇచ్చే షిమ్ కావాలి. ఈ లెక్క తెలియక 6 మిల్లీమీటర్ల షిమ్ వేసి, గుళ్లు ఇంకా కిందికే పోతున్నాయని తుపాకీని తప్పుపడతారు. ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చాక మళ్లీ పలక ముందుకి వెళ్లండి, ఎందుకంటే డ్రాప్ మారితే పిచ్ కూడా ఎంతోకొంత మారుతుంది.

గుళ్లు సరిగ్గా మధ్యలో పడాలా అన్నది మీ ఆటని బట్టి ఉంటుంది. ట్రాప్‌లో క్లే పైకి లేస్తూ ఉంటుంది కాబట్టి గుంపులో 60 నుంచి 70 శాతం గుర్తు పైభాగంలో పడితే షూటర్ క్లేని బ్యారెల్‌తో కప్పేయకుండా చూస్తూ కాల్చగలడు. స్కీట్‌కి, స్పోర్టింగ్‌కి సగం పైన సగం కింద, లేదా కొద్దిగా పైన.

ఇనర్షియా తుపాకీకి తిరిగి వద్దాం

తన్ను తగ్గించుకుందామని కొందరు స్టాక్‌లో బరువు దిమ్మ పెడతారు, మ్యాగజైన్ మూతకి బరువు బిగిస్తారు, మెత్తటి ప్యాడ్ వేస్తారు. గ్యాస్ తుపాకీలో ఇవేవీ యంత్రాన్ని పెద్దగా ఇబ్బంది పెట్టవు. ఇనర్షియాలో మాత్రం బరువు పెరిగిన కొద్దీ తుపాకీ వెనక్కి దూకే వేగం తగ్గుతుంది. స్ప్రింగ్ చాలినంత నొక్కుకోదు. 28 గ్రాములతో బాగా నడిచిన తుపాకీ 24 గ్రాములతో రెండో కార్ట్రిడ్జ్‌ని ఎక్కించడం మానేస్తుంది. అప్పుడు యజమాని తుపాకీ పాడైందనుకుంటాడు. ఇనర్షియా తీసుకునేవాళ్లు బరువు చేర్చే ఆలోచనని ముందే పక్కన పెట్టాలి, లేదా ఒక్కో మార్పు తర్వాత అతి తేలిక కార్ట్రిడ్జ్‌తో పరీక్షించాలి.

గ్యాస్ తుపాకీకి ఉండే జబ్బు వేరు. పిస్టన్ మీద, దాని చుట్టూ మసి గట్టిపడితే కదలిక బరువెక్కుతుంది. రెమింగ్టన్ 1100లో మ్యాగజైన్ ట్యూబ్ మీద ఉండే రబ్బరు రింగ్ పగిలిందంటే గ్యాస్ పక్కకి కారిపోయి తుపాకీ సగంలో ఆగిపోతుంది. అలాంటి రింగ్ ఒకటి ఎప్పుడూ సంచిలో ఉంచుకోవడం దాన్ని వాడేవాళ్లకి అలవాటు.

ఇంకో పరిమితి స్టాక్ లోపల దాగి ఉంటుంది. అనేక సెమీ ఆటోల్లో బోల్ట్‌ని ముందుకి తోసే స్ప్రింగ్ ఒక గొట్టంలో స్టాక్ మధ్యగుండా పోతుంది. ఓవర్ అండర్ స్టాక్‌ని కోసినట్టు, వంచినట్టు దీన్ని చేయలేరు. చిన్నచేతుల వాళ్లకోసం పొట్టిగా కోయించాలన్నా గొట్టం దాకానే కోయగలరు. పైకీ కిందికీ జరిగే కోమ్ బిగించాలన్నా అది గొట్టానికి తగలకూడదు. అందుకే మీ శరీరం సగటు కొలతలకి దూరంగా ఉంటే, కొనేముందే స్టాక్ విప్పించి చూడండి. గొట్టం ఎక్కడిదాకా ఉంది, ఎన్ని షిమ్‌లు ఇస్తున్నారు, ఎడమచేతికి తిప్పుకునే షిమ్ ఉందా, పొట్టి స్టాక్ విడిగా దొరుకుతుందా అన్నవి అడగండి. ఏ బోల్ట్ ఎలా కదులుతుందన్న చర్చ కంటే ఈ నాలుగు ప్రశ్నలకే ఎక్కువ సమయం ఇవ్వాలి.

అన్నీ కుదిరాక ఒక కాగితం మీద రాసి తుపాకీ పెట్టెలో పెట్టండి: ఏ షిమ్, ఎన్ని స్పేసర్‌లు, ఏ చోక్, ఏ కార్ట్రిడ్జ్‌తో పరీక్షించారు, ఏ జాకెట్ వేసుకున్నారు. చలికాలంలో మందపాటి కోటు వేసుకుంటే ఒక స్పేసర్ తీయాల్సి వస్తుంది. ఒళ్లు బాగా తగ్గినా పెరిగినా చెంప మందం మారుతుంది, దానితో పాటే కన్ను ఎత్తు మారుతుంది. గుళ్లు మళ్లీ ఎటో పోతున్నాయని అనిపించిన రోజు ఆ కాగితం తీసి, పలక ముందు నిలబడి, ఐదు కార్ట్రిడ్జ్‌లు కాల్చి చూసుకోవచ్చు.